షార్క్స్ అభిమాని ఎవరి పేరు కోరుకోవాలి: 2025 డ్రాఫ్ట్‌లో షేఫర్, మీసా, ఆ తర్వాతి నలుగురు

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆడే శాన్ హోసే షార్క్స్ 2024–25 సీజన్‌లో 82 ఆటలు ఆడి 20 మాత్రమే గెలిచింది. 52 పాయింట్లతో 32 జట్ల పట్టికలో అట్టడుగున నిలిచింది. నిరుడు కూడా అడుగునే ఉంది, అప్పుడు వచ్చినవి 47 పాయింట్లు. 2019 తర్వాత ఈ జట్టు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. ఇది రాస్తున్నది 2025 ఏప్రిల్ చివర. మే 5న డ్రాఫ్ట్ లాటరీ తీస్తారు, జూన్ 27న లాస్ ఏంజెలిస్‌లో డ్రాఫ్ట్ జరుగుతుంది. సన్నీవేల్‌లోనూ ఫ్రీమాంట్‌లోనూ ఉన్న మా తెలుగు మిత్రులు ఆదివారం భోజనాల దగ్గర కొన్ని వారాలుగా ఒకటే అడుగుతున్నారు: ఇన్ని ఓటములు చూశాక చేతికి అందే ఆ ఒక్క కుర్రాడు ఎవరైతే మంచిది? ఈ వ్యాసం వాళ్ళ కోసం, వాళ్ళలాగే ఎటూ తేల్చుకోలేకపోతున్న వాళ్ళ కోసం రాస్తున్నాను.

ఐస్ హాకీకి కొత్తగా వచ్చిన వాళ్ళకు ముందుగా ఒక మాట. డ్రాఫ్ట్‌ను ఐపీఎల్ వేలంలా ఊహించుకుంటే పొరపడతాం. 2023లో పదో స్థానంలో మిగిలిన సన్‌రైజర్స్ హైదరాబాద్, ఆ డిసెంబరు వేలంలో పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, ట్రావిస్ హెడ్‌ను 6.8 కోట్లకు కొనుక్కుని, మరుసటి మే నెలలోనే ఫైనల్ ఆడింది. డబ్బు పెట్టి, ఆరితేరిన ఆటగాళ్ళను తెచ్చుకుని, ఆరు నెలల్లో ఫలితం చూడగలిగింది. డ్రాఫ్ట్‌లో డబ్బుతో పని లేదు. ఓడిన జట్లకు ముందు వరుసలో చోటు ఇస్తారు, ఆ చోటుతో పద్దెనిమిదేళ్ళ కుర్రాడి హక్కులు వస్తాయి. అతను మేటి ఆటగాడు అవుతాడో కాడో తేలడానికి మూడేళ్ళు పట్టవచ్చు, అయిదేళ్ళూ పట్టవచ్చు.

లాటరీలో మనకు ఉన్నది ఏమిటి

చివరి స్థానంలో నిలిచినంత మాత్రాన మొదటి ఎంపిక రాదు. పద్నాలుగు బంతుల్లోంచి నాలుగు తీస్తారు, ఆ అంకెల కలయిక ఏ జట్టు పేరున ఉంటే ఆ జట్టు పైకి వెళ్తుంది. ఇలా రెండు సార్లు తీస్తారు. దాంతో షార్క్స్‌కు మొదటి ఎంపిక దక్కే అవకాశం 25.5 శాతం, రెండోది దక్కే అవకాశం 18.8 శాతం. మూడో స్థానానికి జారే అవకాశం 55.7 శాతం ఉంది, అంతకన్నా కిందికి మాత్రం జారదు. చాలామంది ఈ లెక్క చూడకుండా ఒక్క పేరు మీదే ఆశలు పెట్టుకుంటున్నారు. మనకు ఎక్కువగా రాబోయేది మూడో ఎంపిక కాబట్టి మనసులో ఒక్క పేరు సరిపోదు, వరుసగా మూడు పేర్లు ఉండాలి.

ఇంకొక నియమం కూడా గుర్తుంచుకోవాలి. ఏ జట్టూ అయిదేళ్ళలో రెండు సార్లకు మించి లాటరీ గెలవకూడదు. షార్క్స్ నిరుడే ఒకసారి గెలిచి, దాడిని మధ్యలో నుంచి నడిపే సెంటర్ మాక్లిన్ సెలబ్రినీని తెచ్చుకుంది. ఈసారి కూడా గెలిస్తే ఆ తలుపు కొన్నేళ్ళ పాటు మూసుకుపోతుంది.

దేన్ని బట్టి తూచాలి

నా దృష్టిలో మొదటి కొలమానం ఇది: ఈ స్థానంలో ఆడే మేటి ఆటగాణ్ణి మరో దారిలో తెచ్చుకోగలమా, తెచ్చుకుంటే ఎంత ఖర్చవుతుంది? షార్క్స్ చరిత్రలోనే ఇందుకు గట్టి సాక్ష్యం ఉంది. 2018 సెప్టెంబరులో ఎరిక్ కార్ల్‌సన్ అనే గొప్ప డిఫెన్స్ ఆటగాణ్ణి ఒట్టావా నుంచి మార్పిడిలో తెచ్చుకున్నారు. 2023లో అతను 101 పాయింట్లు (తన గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు అంటే అసిస్ట్‌లు కలిపి) చేసి, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్ ట్రోఫీ కూడా గెలిచాడు. అయితే అతని కోసం ఒట్టావాకు ఇచ్చిన వాటిలో షార్క్స్ మొదటి రౌండ్ ఎంపిక ఒకటి ఉంది. జట్టు కుప్పకూలడంతో అది 2020లో మూడో ఎంపికగా మారింది, దాంతో ఒట్టావా టిమ్ స్టూట్స్‌లేను తీసుకుంది. అంటే మేటి డిఫెన్స్ ఆటగాణ్ణి బయటి నుంచి తెచ్చుకోవాలంటే, ఇప్పుడు మనం ఎదురుచూస్తున్నటువంటి ఎంపికనే ధారపోయాలి. దానిపైన ఎనిమిదేళ్ళకు 92 మిలియన్ డాలర్ల ఒప్పందం కూడా రాసివ్వాల్సి వచ్చింది. మంచి వింగర్ (దాడిలో ఒక పక్కన ఆడేవాడు) అయితే ఇంతకన్నా చాలా చవకగా దొరుకుతాడు.

రెండోది, పాయింట్లు ఎవరి మీద చేశాడన్నది. పదహారేళ్ళ పిల్లలు కూడా ఆడే జూనియర్ లీగ్‌లో వంద పాయింట్లు చేయడం ఒకటి, గడ్డాలు మీసాలు వచ్చిన మగవాళ్ళ మధ్య ఇరవై అయిదు చేయడం మరొకటి. మూడోది వయసు: పుట్టిన తేదీల్లో పది నెలల తేడా ఉంటే ఆ ఈడులో ఎదుగుదలలోనూ చాలా తేడా ఉంటుంది. నాలుగోది, అతని ఆటను ఎన్నిసార్లు చూడగలిగామన్నది. ఇక అయిదోది, మన జెర్సీ ఎప్పుడు వేసుకుంటాడన్నది. అభిమానులు దీనికే ఎక్కువ విలువ ఇస్తారు. నేను మాత్రం దీన్ని చివర పెడతాను.

మాథ్యూ షేఫర్: ఎడమవైపు డిఫెన్స్, ఈరీ ఆటర్స్

ఈ సీజన్ మొత్తంలో షేఫర్ తన జూనియర్ జట్టుకు ఆడింది 17 ఆటలే. 7 గోల్స్, 15 అసిస్ట్‌లు, మొత్తం 22 పాయింట్లు. డిసెంబరులో ఒట్టావాలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో గోల్ పోస్టును గుద్దుకుని కాలర్ బోన్ విరిగింది, దాంతో అతని సీజన్ ముగిసింది. అయినా లీగ్ వారి స్కౌటింగ్ విభాగం ఉత్తర అమెరికా ఆటగాళ్ళ తుది జాబితాలో అతన్నే మొదటి పేరుగా రాసింది. పదిహేడు ఆటలు చూసి అంత నమ్మకం ఎలా కుదిరిందని కొత్తవారికి అనిపించవచ్చు.

అతని ఆటలో నేను పదే పదే చూసిన ఒక్క దృశ్యం చెబుతాను. పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) తన వెనక మూలకు దొర్లుతుంది, ఎదుటి జట్టు వింగర్ వెంటపడి వస్తుంటాడు. చాలామంది కుర్రాళ్ళు అప్పుడు కంగారుగా పక్‌ను గోడకేసి కొట్టి గండం గడిచిందనుకుంటారు. షేఫర్ మూలకు చేరకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, పక్ అందగానే ఎడమకు వెళ్తున్నట్టు నడుము తిప్పి కుడికి జారుకుంటాడు, వెంటపడ్డవాడు అతన్ని దాటి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత రింక్ నడిమి వరకు అతనే తీసుకువెళ్తాడు. ఈ సీజన్‌లో షార్క్స్ ఆటలు చూసిన ఎవరికైనా, మన జట్టు తన మూల నుంచి పక్‌ను బయటికి తేలేక ఎన్ని గోల్స్ ఇచ్చుకుందో విడమరచి చెప్పక్కర్లేదు. పైగా ఉన్న అనుభవజ్ఞుల్లో కోడీ సీసీని ఫిబ్రవరిలో, జేక్ వాల్మన్‌ను మార్చిలో వేరే జట్లకు ఇచ్చేశారు.

వయసు సంగతి కూడా అతని పక్షానే ఉంది. 2007 సెప్టెంబరు 5న పుట్టాడు, ఈ డ్రాఫ్ట్‌కు అర్హత గీత సెప్టెంబరు 15. ఇంకో పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌కే వచ్చేవాడు.

ఎదురు వాదనలను తీసిపారేయలేం. మొదటిది గాయం, దానితో పాటు చూసిన ఆటల కొరత. రెండోది, నిరుడు పదకొండో ఎంపికగా వచ్చిన శామ్ డికిన్సన్ కూడా ఎడమవైపు డిఫెన్సే, పైగా ఈ ఏడాది లండన్ నైట్స్‌కు ఆడి 91 పాయింట్లు చేశాడు. మూడోది అన్నిటికన్నా బరువైనది: బఫెలో 2018లో రాస్మస్ డాలీన్‌ను, 2021లో ఓవెన్ పవర్‌ను, ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్ళను మొదటి ఎంపికగా తీసుకుని కూడా 2011 తర్వాత 2025 వరకు ప్లేఆఫ్స్ చేరలేదు. 2017లో కేల్ మకార్ అయితే నాలుగో ఎంపికకే దొరికాడు. నిజమే. అయితే బఫెలోకు డాలీన్ వల్ల నష్టం జరగలేదు, అతని ముందు ఆడే సెంటర్లు నిలవకపోవడం వల్ల జరిగింది. మనకు సెలబ్రినీ ఇప్పటికే ఉన్నాడు.

మైకేల్ మీసా: సెంటర్, సాగినా స్పిరిట్

అంకెలే కొలమానమైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. 65 ఆటల్లో 62 గోల్స్, 72 అసిస్ట్‌లు, 134 పాయింట్లు, అంటారియో జూనియర్ లీగ్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ. పదిహేనేళ్ళకే ఆ లీగ్‌లో ఆడే ప్రత్యేక అనుమతి 2022లో పొందాడు. జాన్ టవారెస్, కానర్ మెక్‌డేవిడ్ లాంటి కొద్దిమందికే దక్కిన అనుమతి అది. 2024లో కెనడా జూనియర్ లీగుల పెద్ద కప్పు అయిన మెమోరియల్ కప్‌ను సాగినా గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు, ఈ ఏడాది దానికి కెప్టెన్.

నాకు అతనిలో నచ్చేది వేగం మారే తీరు. ఎదుటి జట్టు భాగం మొదలయ్యే నీలి గీత దాటే దాకా అందరిలాగే వస్తాడు, దాటాక ఒక్క క్షణం నెమ్మదిస్తాడు. ఎదురున్న డిఫెన్స్ ఆటగాడు తానూ నెమ్మదించగానే రెండు అడుగుల్లో అతని పక్కనుంచి దూసుకుపోతాడు. ఈ ఒడుపు పెద్ద లీగ్‌లోనూ పనికొస్తుంది.

సందేహం ఒక్కటే, అదీ అతని గురించి కాదు, మన అవసరం గురించి. సెలబ్రినీ తొలి ఏడాదే 70 ఆటల్లో 63 పాయింట్లు చేశాడు. 2023లో నాలుగో ఎంపికగా వచ్చిన విల్ స్మిత్ కూడా సెంటర్‌గా ఎదిగినవాడే. మూడో సెంటర్ వస్తే ముగ్గురిలో ఒకరు వింగ్‌కు జరగాలి. మీసా జూనియర్‌లో రెండు చోట్లా ఆడాడు కాబట్టి అది పెద్ద చిక్కు కాదు. అయితే అలా జరిగితే, సెంటర్‌కు పెట్టాల్సిన ఎంపికను వింగర్ కోసం ఖర్చు చేసినట్టవుతుంది.

మూడో స్థానానికి జారితే ఉన్న నలుగురు

జేమ్స్ హేగెన్స్ సీజన్ మొదట్లో అందరి నోటా మొదటి పేరు. బోస్టన్ కాలేజీలో 37 ఆటలకు 37 పాయింట్లు, అందులో గోల్స్ 11. విల్ స్మిత్ వెళ్ళిపోగా ఖాళీ అయిన చోటులోనే, అదే ఇద్దరు వింగర్ల మధ్య ఆడాడు. జనవరిలో అమెరికా జట్టుతో ప్రపంచ జూనియర్ స్వర్ణం గెలిచాడు. చూపు, చురుకు రెండూ ఉన్నాయి, ఎత్తు మాత్రం ఆరడుగుల లోపే. 2006 నవంబరులో పుట్టాడు కనుక షేఫర్ కన్నా పది నెలలు పెద్ద. మన జట్టులో ఇలాంటి ఆట ఆడేవాళ్ళు ఉన్నారు కాబట్టి నా వరుసలో కొంచెం వెనక పడతాడు.

పోర్టర్ మార్టోన్ కుడి వింగర్, ఆరడుగుల మూడంగుళాల మనిషి. బ్రాంప్టన్ తరఫున 57 ఆటల్లో 98 పాయింట్లు చేశాడు. సెలబ్రినీ పక్కన ఇంత కండగల తోడు ఉంటే చూడముచ్చటగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అయినా మొదటి కొలమానం దగ్గరే అతను ఆగిపోతాడు, ఎందుకంటే అతను వింగర్.

అంటాన్ ఫ్రాండెల్ స్వీడన్‌లో రెండో శ్రేణి లీగ్‌లో యుర్గోర్డెన్‌కు ఆడాడు. మోకాలి గాయం వల్ల సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టినా 29 ఆటల్లో 25 పాయింట్లు చేశాడు, జట్టు పై లీగ్‌కు ఎక్కింది. ఎదురున్నవాళ్ళంతా పెద్దవాళ్ళు, ఇళ్ళూ పిల్లలూ ఉన్న వృత్తి ఆటగాళ్ళు. వాళ్ళ మధ్య పదిహేడేళ్ళ కుర్రాడు గోడ పక్కన పక్‌ను వదలకుండా నిలబడటమే నాకు అతని పాయింట్లకన్నా ఎక్కువగా కనబడింది. యూరప్ ఆటగాళ్ళ తుది జాబితాలో అతనే మొదటివాడు.

కేలెబ్ డెన్వాయే క్విబెక్ లీగ్‌లో మాంక్టన్ సెంటర్, 56 ఆటల్లో 84 పాయింట్లు. రెండు వైపులా బాధ్యతగా ఆడతాడు. ఆ జట్టు ఇంకా ప్లేఆఫ్స్‌లోనే ఉంది, అతని పేరు పైకి పోతోంది.

| ఆటగాడు | స్థానం | సీజన్ లెక్క | మరో దారిలో దొరుకుతాడా | ప్రధాన సందేహం |
|---|---|---|---|---|
| షేఫర్ | ఎడమ డిఫెన్స్ | 17 ఆటలు, 22 పాయింట్లు | చాలా కష్టం | గాయం, చూసిన ఆటలు తక్కువ |
| మీసా | సెంటర్ | 65 ఆటలు, 134 పాయింట్లు | కష్టం | మనకు సెంటర్లు ఉన్నారు |
| హేగెన్స్ | సెంటర్ | 37 ఆటలు, 37 పాయింట్లు | కష్టం | ఎత్తు, తక్కువ గోల్స్ |
| మార్టోన్ | కుడి వింగ్ | 57 ఆటలు, 98 పాయింట్లు | వీలవుతుంది | వయసులో ముందున్నవాడు, వింగర్ |
| ఫ్రాండెల్ | సెంటర్, వింగ్ | 29 ఆటలు, 25 పాయింట్లు | కష్టం | మోకాలు |
| డెన్వాయే | సెంటర్ | 56 ఆటలు, 84 పాయింట్లు | కష్టం | మొదటి వరుసకు చాలతాడా |

1993లో మన జట్టే చేసిన ఎంపిక

పాయింట్ల పట్టిక చూసి మనసు మారేవాళ్ళు 1993ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ సీజన్‌లో షార్క్స్ 71 ఆటలు ఓడింది. ఇప్పటికీ లీగ్ చరిత్రలో ఒక సీజన్‌లో అంతకన్నా ఎక్కువ ఓడిన జట్టు లేదు. భారత సంతతి నుంచి ఈ లీగ్‌కు చేరిన తొలి ఆటగాడు రాబిన్ బావా ఆ ఏడాది షార్క్స్ జెర్సీలోనే ఆడాడు, మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అప్పటికి లాటరీ లేదు. 24 పాయింట్లతో షార్క్స్‌కు సమంగా నిలిచిన ఒట్టావా మొదటి ఎంపికతో అలెగ్జాండర్ డెయిగ్‌ను తీసుకుంది. జూనియర్‌లో 53 ఆటలకు 137 పాయింట్లు చేసిన కుర్రాడు అతను. పెద్ద లీగ్‌లో ఆ స్థాయిని ఏనాడూ అందుకోలేకపోయాడు.

రెండో ఎంపిక మనది. దాన్ని షార్క్స్ హార్ట్‌ఫర్డ్‌కు ఇచ్చేసి, బదులుగా సెర్గీ మకరోవ్‌నూ కిందిస్థాయి ఎంపికలనూ తెచ్చుకుంది. హార్ట్‌ఫర్డ్ ఆ ఎంపికతో క్రిస్ ప్రాంగర్ అనే డిఫెన్స్ ఆటగాణ్ణి తీసుకుంది. 2000లో సెయింట్ లూయిస్‌కు ఆడుతూ, ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, నారిస్ ట్రోఫీ రెండూ గెలిచిన మనిషి అతను.

ఈ కథకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మకరోవ్ మరుసటి సీజన్‌లోనే 30 గోల్స్ చేశాడు, షార్క్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్ళి డెట్రాయిట్ లాంటి బలమైన జట్టును ఏడు ఆటల్లో పడగొట్టింది. అప్పుడు ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఆ వసంతాన్ని ఇప్పటికీ కళ్ళు మెరుస్తుండగా చెబుతారు. ప్రాంగర్‌ను తీసుకున్న హార్ట్‌ఫర్డ్ అయితే రెండు సీజన్లకు మించి ఓపిక పట్టలేక 1995లో అతన్ని వదులుకుంది, ఫలం సెయింట్ లూయిస్ అనుభవించింది. డిఫెన్స్ ఆటగాణ్ణి ఎంచుకుంటే అతన్ని ఎదగనిచ్చే ఓపికను కూడా ఎంచుకోవాలి.

ఎవరికి ఎవరు

అక్టోబరుకల్లా పిల్లలతో వెళ్ళి గోల్స్ చూడాలనుకునే కుటుంబానికి మీసా మంచి కోరిక. టికెట్ కొన్న డబ్బుకు ఫలితం తొందరగా కనబడుతుంది. పైగా 2025 నాటి నియమాల ప్రకారం అంటారియో కుర్రాళ్ళను ఇరవై ఏళ్ళ లోపు కింది వృత్తి లీగ్‌కు పంపే వీలు లేదు. పెద్ద జట్టులో ఆడాలి, లేదంటే జూనియర్‌కు తిరిగి వెళ్ళాలి. కాబట్టి సిద్ధంగా ఉన్నవాణ్ణి మొదటి రోజునుంచే ఆడించే అవకాశం ఎక్కువ.

2028 నాటికి కప్పు కోసం పోరాడే జట్టును ఊహించుకునేవాళ్ళకు షేఫర్. తొలి ఒప్పందం మూడేళ్ళు చవకగా ఉంటుంది, జట్ల జీతాలకు పరిమితి (2024–25లో 88 మిలియన్ డాలర్లు) ఉన్న లీగ్‌లో, ఆ మూడేళ్ళలో మిగిలే డబ్బుతోనే చుట్టూ అనుభవజ్ఞులను నింపాలి.

ఇక ఎంపిక కోసం సొంత జట్టే ఓడాలని కోరుకునేవాళ్ళ విషయం. మార్చిలో ఒక రాత్రి నేనూ మా బావమరిదీ డిరిడాన్ స్టేషన్‌లో రైలు దిగి, రోడ్డు దాటి హాలుకు వెళ్ళాం. మూడో పీరియడ్‌లో మనవాళ్ళు స్కోరు సమం చేశారు. ముందు వరుసలో సెలబ్రినీ 71 నంబరు జెర్సీ వేసుకున్న పదేళ్ళ కుర్రాడు కుర్చీ మీదికి ఎక్కి గొంతు పోయేలా అరుస్తున్నాడు. మా వాడు నా చెవి దగ్గరకు వంగి, "ఇప్పుడు గెలిస్తే మనకు ఒరిగేదేంటి బావా, చికాగో కిందికి పోతుంది" అన్నాడు. "నెమ్మదిగా అనరా, ఆ పిల్లాడు వింటాడు" అన్నాను. ఇప్పుడు లెక్క చూస్తే చికాగో 61 పాయింట్లతో ముగించింది. షార్క్స్ ఇంకో నాలుగు ఆటలు గెలిచినా 60 పాయింట్లతో అడుగునే ఉండేది, ఆ 25.5 శాతం చెక్కుచెదిరేది కాదు. ఏప్రిల్ 9న మిన్నెసోటాలో 8–7తో ఓవర్‌టైమ్‌లో ఓడిన ఆటలో సెలబ్రినీ తన తొలి హ్యాట్రిక్ చేశాడు. ఆ రాత్రి ఓటమిని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు ఆ మూడు గోల్స్‌ను సరిగ్గా చూసి ఉండరు.

నా వరుస ఇది. మొదటి ఎంపిక వస్తే షేఫర్, డికిన్సన్ కూడా ఎడమవైపే అన్న బెంగ వద్దు. ఇద్దరు మంచి ఎడమ డిఫెన్స్ ఆటగాళ్ళు రెండు జోడీల్లో ఆడతారు. రెండోది వస్తే, షేఫర్ వెళ్ళిపోయి ఉంటే, మీసా. అప్పుడు స్థానం సంగతి పక్కన పెట్టి ప్రతిభను తీసుకోవాలి, ఎందుకంటే మూడో పేరుకూ అతనికీ మధ్య దూరం ఎక్కువ. మూడోది వస్తే ఫ్రాండెల్, జూన్‌లో మోకాలి పరీక్షల్లో డాక్టర్లు ఏమంటారో చూశాక. వాళ్ళు తల అడ్డంగా ఊపితే డెన్వాయే.